మహబూబాబాద్ పేరుకు ప్రతి: కంప్యూటర్ క్లిప్‌బోర్డులో తెలుగు పాఠ చరిత్ర

తాళపత్ర కాలంలో ప్రతి తీయడమంటే లేఖకుడు మాతృకను చూస్తూ గంటంతో అక్షరాలను చెక్కడమే. లేఖకుని కన్ను పొరబడిన చోట పాఠభేదం పుట్టేది. ఇప్పటి జనగామ జిల్లాలోని బమ్మెరతో ముడిపడిన పోతన భాగవతానికి సైతం ఈ చరిత్ర తప్పలేదు. అందులో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. కంప్యూటర్ వచ్చాక ప్రతి తీసే పని యంత్రానిదైంది. అయినా పాఠభేదం పోలేదు, దాని కారణం మారిందంతే. ఆ మార్పును 2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా ప్రాంతం నుంచి ఏర్పడిన మూడు జిల్లాల పేర్ల ద్వారా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పాఠాన్ని ఒక చోట ఎంచి, తాత్కాలికంగా నిలిపి, మరొక చోట అతికించే పద్ధతిని 1970వ దశకం నడుమ జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ రూపొందించారు. ఆపిల్ లీసా (1983), మెకింతోష్ (1984) దానిని సామాన్య వాడుకరుల దాకా తెచ్చాయి. ఆ తాత్కాలిక స్థానమే క్లిప్‌బోర్డు. దాని నిర్మాణం అన్ని వ్యవస్థల్లోనూ ఒకటి కాదు. విండోస్‌లో ప్రోగ్రామ్ పాఠాన్ని వ్యవస్థకు అప్పగిస్తుంది. యూనిక్స్ సంప్రదాయపు ఎక్స్ విండో వ్యవస్థలో పాఠం మూల ప్రోగ్రామ్ వద్దే ఉంటుంది, అడిగినప్పుడే అది అందిస్తుంది. కనుక ఆ ప్రోగ్రామ్‌ను మూసివేస్తే, వేరొక సహాయక ప్రోగ్రామ్ కాపాడకపోతే, ప్రతి కూడా పోతుంది. మాతృకను మూయగానే మాయమయ్యే ప్రతిని తాళపత్ర లేఖకుడు ఊహించి ఉండడు.

తెలుగుకు అసలు చిక్కు వేరే చోట ఉంది. డీటీపీ కాలపు ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను ఆంగ్ల లిపి సంకేత సంఖ్యల స్థానాల్లో అమర్చారు. అందువల్ల క్లిప్‌బోర్డు మోసింది తెలుగు అక్షరాలను కాదు, ఆ సంఖ్యలను మాత్రమే. అదే ఫాంటు లేని చోట అతికిస్తే అర్థం లేని రోమన్ గుర్తులు మిగిలేవి. అలా కూర్చిన పుస్తకాలు, ప్రత్యేక సంచికలు కాగితం మీద నిర్దోషంగా ఉన్నా, వాటి కంప్యూటర్ ప్రతుల్లో ఒక ఊరి పేరును వెతకడం నేటికీ కష్టం. ఈ నష్టాన్ని టైపు చేసినవారి అజాగ్రత్తగా లెక్కించడం అన్యాయం.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. విండోస్ ఎక్స్‌పీ (2001) గౌతమి ఫాంటుతో వచ్చింది. అయినా పాత ప్రోగ్రామ్‌లు క్లిప్‌బోర్డు నుంచి యూనికోడ్ పాఠాన్ని కాక పాత తరహా పాఠాన్ని అడిగేవి. తెలుగుకు ఆ పాత పట్టికల్లో చోటు లేనందున అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు వచ్చేవి. ఒకే ప్రతి ఒక ప్రోగ్రామ్‌లో తెలుగుగాను, మరొక దానిలో ప్రశ్నార్థకాల వరుసగాను తేలడానికి కారణం ఇదే.

యూనికోడ్ స్థిరపడ్డాక మిగిలినది సూక్ష్మమైన సమస్య. ‘మహబూబాబాద్’ అన్న పేరు పది సంకేతాల వరుస, చివరిది పొల్లు. దానికి ‘లో’ చేర్చితే పొల్లు తరువాతి అక్షరాన్ని ఒత్తుగా లాగి ‘మహబూబాబాద్లో’ అవుతుంది. ‘మహబూబాబాద్‌లో’ అని నిలపాలంటే నడుమ కంటికి కనిపించని విభజక సంకేతం కావాలి. క్లిప్‌బోర్డు దానిని మోస్తుంది. కానీ పాఠాన్ని ‘శుద్ధి’ చేసే ప్రోగ్రామ్ దానిని తొలగిస్తే రూపం మారుతుంది. పోలికలో ఈ సంకేతాన్ని పట్టించుకునే వెతుకులాట ఒక రూపాన్ని అడిగితే రెండవదానిని చూపదు. చదువరి కంటికి చిన్న తేడా, పరిశోధకునికి మాత్రం దొరకని ఆధారం. ప్రజల నోట ‘మానుకోట’ అన్న పేరుకు ఈ బెడద లేదు. ‘జనగామ’కూ లేదు. అక్కడి ఇబ్బంది ‘జనగాం’ అన్న రెండవ వర్ణక్రమంతోనే. భూపాలపల్లి విషయం తలక్రిందులు. అక్కడ పొల్లు తప్పక ‘ల్లి’గా కలవాలి. ప్రతి పొల్లు వెనుకా విభజకాన్ని గుడ్డిగా చేర్చే ప్రోగ్రామ్ దానిని ‘భూపాలపల్‌లి’గా చీలుస్తుంది. ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో క్లిప్‌బోర్డుకు తెలియదు. కనుక పాఠ పరిష్కర్త పేరును రెండు రూపాల్లోనూ వెతికి, దొరికిన ప్రతి ఏ ప్రోగ్రామ్ గుండా వచ్చిందో కూడా నమోదు చేయవలసి ఉంటుంది.