సైన్యాన్ని ఓడించిన బడి

నవంబరు 9 వస్తోందంటే అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లకు 1912 గుర్తుకొస్తుంది. ఆ రోజు వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీ జట్టును కార్లైల్ ఇండియన్ స్కూల్ అనే అమెరికా ఆదివాసుల బడి కుర్రాళ్లు 27–6తో చిత్తుచేశారు. పేరుకు బడి, ఆడేది మాత్రం పెద్ద పెద్ద కాలేజీలతో. ఏ లీగులోనూ లేని జట్టు కాబట్టి టిక్కెట్ల డబ్బు ఎక్కడ వస్తే అక్కడికి రైలెక్కేది.

దీని వెనక మూడు శతాబ్దాల కథను మూడు ముక్కల్లో చెప్పేస్తాను. తెల్లవాళ్లు వచ్చారు, ఒప్పందాలు రాశారు, తామే చించేశారు. ఆదివాసుల నేల పోయాక మిగిలింది పిల్లలు. వాళ్లకోసం 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పెన్సిల్వేనియాలోని పాత బ్యారక్స్‌లో ఈ బడి తెరిచాడు. జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే దండించి నాగరికులను చేస్తారట!

ఆ నాగరికతతోపాటే ఫుట్‌బాలూ వచ్చింది. దాన్ని మాత్రం పిల్లలు మనసుపెట్టి నేర్చుకున్నారు. అవతలివాళ్లంత బరువు లేదు కనుక వేగాన్నీ, టక్కరితనాన్నీ నమ్ముకున్నారు. 1903లో హార్వర్డ్ మీద ఒకడి జెర్సీ వెనక బంతి దాచి గీత దాటించేశారు. ఆ మ్యాచ్ ఒక్క పాయింటుతో ఓడిపోయారు గానీ, జనానికి గుర్తున్నది ఆ చమత్కారమే.

ఇక 1912. కోచ్ పాప్ వార్నర్. క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్. వీళ్లకు తోడు స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ స్వర్ణాలు గెలిచి వచ్చిన జిమ్ థోర్ప్. వూండెడ్ నీ అనే చోట సైన్యం లకోటా తెగ స్త్రీలనూ పిల్లలనూ సైతం కాల్చిచంపి అప్పటికి ఇరవై రెండేళ్లే. ఎదురుగా ఉన్నది రేపటి సైనికాధికారులు. వేరే ప్రోత్సాహం ఎందుకు?

తొలి టచ్‌డౌన్ సైన్యానిదే. విరామానికి కార్లైల్ 7–6తో ముందుంది. ఆట మళ్లీ మొదలవగానే సైన్యం కెప్టెన్ డెవోర్, తనను ముప్పుతిప్పలు పెడుతున్న కార్లైల్ ఆటగాడు జో గయాన్ మీద దాడిచేసి, తానే మైదానం బయటికి పోవాల్సి వచ్చింది. థోర్ప్‌ను పడగొట్టాలని ఐసన్‌హోవర్ అనే కుర్రాడు తోటి ఆటగాడితో కలిసి దూకాడు. థోర్ప్ టక్కున ఆగిపోయాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు గుద్దుకున్నారు. తర్వాత యూరప్‌లో మిత్రసేనల్ని నడిపి, దేశాధ్యక్షుడైన ఐసన్‌హోవర్ ఈయనే.

సీజన్ ముగిసేసరికి కార్లైల్‌కు పన్నెండు గెలుపులు, ఒక డ్రా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేతిలో ఒక ఓటమి.

ఆ తర్వాత కథ చక్కగా సాగదు. 1913లో, ఎప్పుడో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడంటూ థోర్ప్ పతకాలు లాక్కున్నారు. తనకేమీ తెలియదన్నాడు వార్నర్. 1918లో బడి మూతపడింది, బ్యారక్స్ సైన్యానికే చేరాయి. 1982లో ఒలింపిక్ సంఘం పతకాలు తిరిగి ఇస్తామంది, అదీ సహవిజేతగా. ఏకైక విజేత అనడానికి 2022 దాకా పట్టింది. తండ్రి అస్థికలను సొంత నేలకు తెచ్చుకోవాలని థోర్ప్ కొడుకులు కోర్టుకెక్కి ఓడిపోయారు. బడి శ్మశానంలోని పిల్లల అవశేషాలు ఇప్పటికీ కొద్దికొద్దిగా సొంత నేలకు వెళ్తున్నాయి.

విగ్రహాలు థోర్ప్‌కే. నా ఓటు వెల్చ్‌కి. బడి నడుపుతున్న తీరు మీద అర్జీకి విద్యార్థుల చేత సంతకాలు పెట్టించింది అతనే. 1914లో అమెరికా కాంగ్రెస్ విచారణకు దిగింది, సూపరింటెండెంట్ ఉద్యోగం ఊడింది, వార్నర్ పిట్స్‌బర్గ్‌కు వెళ్లిపోయాడు. కోచ్ నేర్పని ఎత్తు అది.