దీర్ఘఘనం ఘనపరిమాణం – బోధన

అగ్గిపెట్టె, ఇటుక వంటి దీర్ఘఘనాలు ఆక్రమించే చోటును కొలవడం పిల్లలకు నేర్పే గణితాంశం. అమెరికా కామన్ కోర్ ప్రమాణాల్లో ఇది 5వ తరగతి పాఠం.

బోధన సూత్రంతో కాదు, ఒక సెంటీమీటరు ఘనాలను పేర్చడంతో మొదలవుతుంది. వరుసకు 4 చొప్పున 3 వరుసలు వేస్తే అడుగు పొరలో 12 ఘనాలు. దానిపై మరో పొర పేరిస్తే 24. పొడవు, వెడల్పు, ఎత్తుల లబ్ధం ఎందుకో అప్పుడు తేటపడుతుంది.

బొమ్మ చూసి లెక్కపెట్టే పిల్లలు తరచూ తడబడతారు. ఇదే దిమ్మెకు కనిపించే ముఖాలు 26. అంచు ఘనాలు రెండుమూడుసార్లు లెక్కకొస్తాయి, వెనక దాగిన 6 ఘనాలు అసలే రావు.

తర్వాతి మెట్టు ద్రవాల కొలత: ప్రతి భుజం 10 సెం.మీ. ఉన్న డబ్బాలో సరిగ్గా లీటరు నీళ్లు పడతాయి.