ఫెహరిస్తులో నానీ పేరు

వాడరేవులో మా నానీ ట్రంకుపెట్టె అడుగున నికానామా పక్కనే ఒక పాత ఓటరు చీటీ ఉండేది. నానీకి చదువు రాదు. ఆ కాగితానికి ఎందుకంత కదర్ అనుకునేవాణ్ణి. తారీఖు చదివాక అర్థమైంది.

అంగ్రేజుల జమానాలో, 1909 చట్టం నుంచీ, ముస్లిములకు ఓటర్ల జాబితా వేరు, సీట్లు వేరు. 1937లో మద్రాసు శాసనసభ 215 స్థానాల్లో 28 ముస్లిములవి. కానీ ఓటు ఎవరికి? పన్ను కట్టేవాళ్లకి, ఆస్తో చదువో ఉన్నవాళ్లకి. బ్రిటిష్ ఇండియాలో నూటికి సుమారు 14 మందికే. కౌమ్‌కి సీట్లున్నాయి, రేవులో ఎండుచేపల గంప మోసిన నానీవాళ్ల అబ్బాకి మాత్రం ఓటు లేదు.

1947 ఆగస్టులో వేరు నియోజకవర్గాలే కావాలని మద్రాసు సభ్యుడు పోకర్ సాహెబ్ రాజ్యాంగ సభలో సవరణ పెట్టారు. వీగిపోయింది. 1949 మేలో రిజర్వు సీట్లూ పోయాయి. బేగం ఐజాజ్ రసూల్ లాంటివాళ్లే వాటిని వద్దన్నారు. ఆ ఫైసలా మీద మన ఇళ్లలో ఇప్పటికీ బహస్ ఉంది. సీట్లు పోవడం నుక్సానేనని నేనూ అంటాను. కానీ చేతికొచ్చింది చిన్నది కాదు. మజహబ్, జాతి, కులం, ఆడా మగా తేడా చూపి ఎవరి పేరూ జాబితాలో లేకుండా చేయకూడదని 325వ అధికరణం చెప్పింది. 21 ఏళ్లు నిండినవాళ్లందరికీ 326 ఓటు ఇచ్చింది. 1989 నుంచి అది 18 ఏళ్లకే.

మొదటి ఎన్నికల జాబితా రాసేటప్పుడు బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు ఎందరో ఆడవాళ్లు సొంత పేరు చెప్పక 'ఫలానావారి భార్య' అనే రాయించారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మందికి ఓటు పోయింది. నానీ మాత్రం పరదా వెనక నుంచే తన పేరు గట్టిగా చెప్పిందట.

ఇప్పుడు మన తకలీఫ్ వేరు. ఒక కాగితంలో 'షేక్' ముందు, ఇంకో కాగితంలో వెనక. ఒకచోట 'బీ', ఇంకోచోట 'బేగం'. మా అమ్మీ పేరు మీదా ఒకసారి అభ్యంతరం వచ్చింది. అయితే ఊళ్లో ఉండటం లేదనో, అర్హత లేదనో పేరు తీసేసే ముందు ఆ మనిషి మాట వినాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ అంటుంది. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు కూడా, ముందునుంచీ జాబితాలో ఉన్నవారిని ఊరికే అనుమానించి తీసేయకూడదని చెప్పింది. అమ్మీ కాగితాలు పట్టుకుని వెళ్లింది. పేరు నిలిచింది.

నోటీసు వస్తే దాన్ని తాఖ్‌లో పెట్టి మరిచిపోకండి. జవాబివ్వండి. ఈ జుమ్మా అయ్యాక ఇంటిల్లిపాది పేర్లూ ఒకసారి చూసుకోండి, ముందు ఆడవాళ్లవి.