తాయ్ చీ: అభ్యాస దశలు

తాయ్ చీ చైనా యుద్ధవిద్య. హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ గ్రామంలో 17వ శతాబ్దిలో చెన్ వాంగ్‌తింగ్ దీనికి రూపమిచ్చాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. చెన్ వంశీయుడైన గురువు చెన్ షియావాంగ్ సాధనను అయిదు మెట్లుగా విభజించాడు. మొదటి మెట్టులో ఒంట్లో పదోవంతే మెత్తదనం, మిగతాదంతా బిగువు. అయిదో మెట్టుకు రెండూ సరిసమానం. ఇది కొలత కాదు, గురుతు మాత్రమే.

తొలి దశలో కదలికల వరస కంఠతా వచ్చినా నడుము, భుజాలు మాట వినవు. అసలు కష్టం అడుగు వేయడంలో ఉంది: బరువంతా ఒక కాలిమీద నిలిపి, ఖాళీ కాలి మడమ నేలకు ఆనించి, ఆ తర్వాతే బరువు మెల్లగా మార్చాలి. తొందరపడితే మోకాళ్లు నొప్పి పెడతాయి. వరస కుదిరాక ‘తుయిషౌ’ మొదలవుతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి మణికట్లు ఆనించి, అవతలివారి బలాన్ని చేతితోనే పసిగట్టి పక్కకు మళ్లిస్తారు. బలంతో ఎదురొడ్డేవాడే ముందు తూలతాడు. కత్తి, ఈటె వంటి ఆయుధ సాధన కూడా ఈ విద్యలో భాగమే.

ఆరోగ్యం కోసం నేర్చుకునేవారికి 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం కూర్చిన 24 కదలికల వరస చాలు.