ఇత్తడి రేకు వెనకవైపు: ఒక పాత పడవ డాష్‌బోర్డు కథ

పోయిన రెండు ఎపిసోడ్లు చూసినవాళ్ళు చాలామంది ఒకటే అడిగారు. "మీ వెనకాల గోడకి ఆ ఇత్తడి రేకు ఏంటండీ, గుండ్రటి కన్నాలతో?" అని. అది నేను పాడుచేసిన రేకు. కొంచెం దగ్గరికి జరుపుతాను చూడండి. మూడో కన్నం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. దాని తర్వాత చేసిన మంచి రేకు వేరే ఉంది, అది ఇప్పుడు ఒక పడవలో ఉంది. ఇవాళ ఆ రెండిటి కథా, వాటికంటే ముందున్న మూడో రేకు కథా చెప్తాను. చరిత్ర ఛానెల్లో ఈ రేకుల గోలేంటి అనుకోకండి, ఇది పూర్తిగా చరిత్రే.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి ఉత్తరంగా. కాస్త దూరంలో సెయింట్ క్లెయిర్ నది ఉంది. హ్యూరాన్ సరస్సు నీళ్ళు అందులోంచే కిందికి వెళ్తాయి. ఆ నది ఒడ్డున ఆల్గొనాక్ అని ఒక చిన్న ఊరు. చెక్క మోటారు పడవల చరిత్ర చదివేవాళ్ళకి అది మనకి మచిలీపట్నం లాంటి పేరు. క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ అనే ఆయన, నిజంగానే ఆ పేరు, అక్కడే పడవలు కట్టాడు. గార్ వుడ్ అనే లక్షాధికారి ఆయన పడవల మీద 1917 నుంచి 1921 దాకా వరసగా ఐదుసార్లు గోల్డ్ కప్ గెలిచాడు. తర్వాత స్మిత్, కొడుకులు కలిసి 1922లో సొంత కంపెనీ పెట్టుకున్నారు. అదే క్రిస్-క్రాఫ్ట్. మొదట్లో వాళ్ళు వాడినవి మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన విమానాల ఇంజన్లు, కర్టిస్ ఓఎక్స్-5 అనేవి. చవగ్గా దొరికాయి కాబట్టి పడవలో పెట్టేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పడవలో ప్రతిదీ ఇంకెక్కడినుంచో వచ్చిందే.

డాష్‌బోర్డు అనే మాటే తీసుకోండి. అది కారు మాట కాదు, గుర్రబ్బండి మాట. గుర్రం పరిగెడుతుంటే వెనక కాళ్ళు బురద ఎగజిమ్ముతాయి కదా, అది బండివాడి మీద పడకుండా ముందు అడ్డంగా ఒక చెక్క పెట్టేవాళ్ళు. అక్కడ "డాష్" అంటే చిమ్మడం. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకే ఆ మాట వాడుకలో ఉంది. తర్వాత గుర్రం పోయింది, చెక్క మిగిలింది. 1901లో మా మిషిగన్‌లోనే వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ కారు పేరే "కర్వ్‌డ్ డాష్". ముందు గుర్రం లేదు, బురద చిమ్మేదీ లేదు, అయినా వంపు తిరిగిన ఆ చెక్క మాత్రం ఉంది. దాని మీద మీటర్లు కూడా లేవు! తర్వాత ఇంజను ముందుకి రావడం, ఆ చెక్క ఇంజనుకీ మనిషికీ మధ్య గోడగా మారడం, ఆ గోడకి ఒక్కొక్కటిగా మీటర్లు తగిలించడం జరిగాయి. అక్కడినుంచి పడవలోకి వచ్చింది. నీళ్ళ మీద తిరిగే దానికి బురదచెక్క పేరేంటో!

మీటర్లదీ అంతే. ఆయిల్ ప్రెషర్ మీటరు లోపల వంపు తిరిగిన సన్నటి గొట్టం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది కొంచెం నిటారు అవుతుంది, ముల్లు తిరుగుతుంది. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డన్ అనే ఆయన ఆవిరి బాయిలర్ల కోసం పేటెంటు తీసుకున్న గొట్టం అది. పాత పడవల్లో ఆయిల్ నిజంగానే రాగి గొట్టంలో డాష్‌బోర్డు దాకా వస్తుంది.

సరే, మా పడవ దగ్గరికి వద్దాం. మా అంటే నాది కాదు, మా పక్కింటి పెద్దాయనది. ఆయన నాన్న 1950ల్లో కొన్నది. 1947లో నది ఒడ్డున ఒక చిన్న యార్డులో కట్టారు, ఆ యార్డు ఎప్పుడో మూతబడింది. యుద్ధం అయిపోయిన కొత్తలో పడవలు కట్టడమంటే దొరికినదానితో సరిపెట్టుకోవడమే. అంత పెద్ద క్రిస్-క్రాఫ్ట్ కూడా మహాగని చెక్క దొరక్క కొన్ని పడవలకి దేవదారు జాతి చెక్క వాడి, పైన రంగేసి అమ్మింది. యుద్ధంలో వాళ్ళు నేవీకి సైనికుల్ని ఒడ్డుకి దించే పడవలు కట్టారు. మా పెద్దాయన పడవలో ఉన్న ఇంజను గ్రే మెరైన్, డెట్రాయిట్‌లో తయారైంది. నార్మండీ ఒడ్డుకి వెళ్ళిన హిగ్గిన్స్ పడవల్లో చాలావాటికి డీజిల్ ఇంజన్లు సిద్ధం చేసిన కంపెనీ కూడా అదే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. అది క్రిస్-క్రాఫ్ట్ అయితే పని సులువు. ఆ కంపెనీ కాగితాలన్నీ వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో మారినర్స్ మ్యూజియంలో ఉన్నాయి. పడవ నంబరు చెప్తే ఫ్యాక్టరీ వదిలినప్పటి కార్డు నకలు వస్తుంది. ఏ రంగు, ఏ ఇంజను, ఎవరికి పంపారు, అన్నీ ఉంటాయి. పేరున్న మోడళ్ళకి అచ్చు పాతవాటిలాగే కొత్త ప్యానెళ్ళు చేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. చిన్న యార్డు పడవకి అవేవీ ఉండవు. కాగితం లేదు, బొమ్మ లేదు. డాష్‌బోర్డు ఎలా ఉండేదో చెప్పగలిగింది డాష్‌బోర్డు ఒక్కటే.

దాన్ని పోగొట్టింది నేను. నేరుగా కాదు, కానీ నేనే.

పాత ప్యానెల్ మీద క్రోమ్ పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. ఒక ప్లేటింగ్ షాపు ఉంది, బాగా చేస్తారు, పంపుదాం అన్నాను. పేరు చెప్పను. పెద్దాయన నన్ను నమ్మి ఇచ్చేశారు. మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది, అద్దంలా ఉంది. అంచులు అరిగిపోయి గుండ్రంగా అయ్యాయి. కన్నాలు కొంచెం సాగాయి, మీటరు పెడితే అంచు దాటి లోపలికి జారిపోతోంది. స్విచ్చుల కింద పంచ్‌తో కొట్టిన అక్షరాలు లేవు. రంధ్రాలూ మచ్చలూ పోవాలని బఫింగ్ చక్రం మీద పెట్టి రుద్దేశారు, వాటితోపాటు అక్షరాలూ పోయాయి. వాటికంటే ముఖ్యమైనది ఇంకొకటి పోయింది. ఇంజను వేగం చూపించే మీటరు పక్కన ఒక చిన్న గీత ఉండేది. ఆయన నాన్న మేకుతో గీసింది. ముల్లు ఈ గీత దాటకుండా నడుపు, పడవ హాయిగా వెళ్తుంది అని చిన్నప్పుడు చెప్పేవాడట. నేను పంపేముందు ఒక్క ఫోటో సరిగా తీయలేదు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటే రెండు నిమిషాల పని. చరిత్ర గురించి ఇన్ని ఎపిసోడ్లు చెప్పినవాణ్ణి.

పెద్దాయన ఏమీ అనలేదు. "బాగా మెరుస్తోంది" అన్నారంతే. తిట్టినా బావుండేది.

వారం రోజులు ఆ రేకు మా గరాజ్‌లో బోర్లా పడుంది. ఒకరాత్రి కొలతలు తీద్దామని తడుముతుంటే వెనకవైపు వేలికి గరుకుగా తగిలింది. టార్చి పక్కనుంచి వేసి చూశాను. అక్షరాలు! అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ముందునుంచి పంచ్ పెట్టి సుత్తితో కొడితే లోహం వెనక్కి కొంచెం ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బు అలాగే ఉంది. ఎందుకంటే వెనకవైపు ఎవరూ పాలిష్ చెయ్యరు, కనపడదు కాబట్టి. ఇంకా ఉన్నాయి. ప్రతి కన్నం మధ్యగా పోయే సన్నటి గీతలు, డివైడరుతో తిప్పిన వలయాలు. ఒకచోట రెండు వలయాలున్నాయి, పావంగుళం తేడాతో. అంటే 1947లో ఆ పనివాడు మొదట ఒకచోట గీసి, అక్కడ స్టీరింగ్ గొట్టం అడ్డొస్తుందని చూసుకుని పక్కకి జరిపాడన్నమాట. ఈ ప్యానెల్‌లో కుడివైపు మీటరు వరసకి కొంచెం తప్పి ఎందుకుందా అని మేం ఎన్నోసార్లు అనుకున్నాం. నిర్లక్ష్యం అనుకున్నాం. కాదు, సర్దుబాటు.

అప్పుడు కొత్తది చెయ్యొచ్చని ధైర్యం వచ్చింది. వెనకవైపు మీద పల్చటి కాగితం పెట్టి రుద్ది, దాన్ని తిరగేస్తే అదే నకలు.

ఏ లోహం అనేది పెద్ద చర్చ కాలేదు. అల్యూమినియం తేలిక, కొయ్యడం సులువు, కానీ కంచు మరలు, ఇత్తడి మీటర్ల పక్కన తడిలో ఉంటే అది తినేసుకుపోతుంది. పాతది ఇత్తడే, కొత్తదీ ఇత్తడే, మిల్లీమీటరున్నర మందం. పైన క్రోమ్ సంగతి మాత్రం చూసుకున్నాం. మెరిసే క్రోమ్ పూత వ్యాపారంగా మొదలైంది 1920ల మధ్యలో, 1926లో ఓల్డ్స్‌మొబైల్ కార్ల మీద కనిపించింది. అంతకుముందంతా నికెల్, అది కొంచెం పచ్చగా, వెచ్చగా మెరుస్తుంది. 1923 పడవకి క్రోమ్ డాష్‌బోర్డు పెట్టి బహుమతికి తీసుకొచ్చేవాళ్ళని చూశాను. మాది 1947 కాబట్టి క్రోమే సరి.

మొదటి రేకు ఇదిగో, గోడమీదది. ఇత్తడికి ఒక గుణం ఉంది. ఇనుము కోసే డ్రిల్ బిట్ పెడితే ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది. రెండు కన్నాలు బాగానే పడ్డాయి, మూడోది పట్టేసుకుని రేకంతా గిర్రున తిరిగింది. నా చెయ్యి మిగలడం అదృష్టం. విజయవాడకి ఫోన్ చేశాను. మా నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్‌లో ముప్ఫై ఏళ్ళు చేశారు.

"బిట్ మొన సానపట్టావా?" అన్నారు.

"కొత్తది నాన్నా, పదునుగానే ఉంది."

"అదేరా తప్పు. ఇత్తడికి అంత పదును పనికిరాదు. కోసే అంచుని సానరాయి మీద ఒక్కసారి నిలువుగా రుద్ది చంపెయ్. అప్పుడు గీకుతుంది, కొరకదు. రేకు కింద చెక్క పెట్టి బిగించు. గ్లవ్స్ వేసుకోకు, చుట్టేసుకుంటాయి."

అంతే. రెండో రేకుకి ఐదు కన్నాలూ గుండ్రంగా వచ్చాయి. చివరి సగం మిల్లీమీటరు ఆకురాయితో తీశాను. అంచుల వెంట ఉబ్బెత్తు గీత కోసం పెంబర్తి పనివాళ్ళు చేసే పద్ధతి తీసుకున్నాను. వాళ్ళు రేకు కింద లక్క పరిచి కొడతారు, లోహం ఎక్కడ దిగాలో అక్కడే దిగుతుంది. నాకు లక్క దొరకలేదు, తారు లాంటి మెత్తటి ముద్దతో కానిచ్చాను. అక్షరాలు పంచ్‌లతో కొట్టాను, పాతవాడిలాగే ఒకటో రెండో వంకర వచ్చాయి, దిద్దలేదు. ఈసారి పాలిష్ నేనే చేసుకుని, వేరే షాపుకిచ్చి, రాగి, నికెల్, క్రోమ్ పూతలు తప్ప రేకు మీద చక్రం పెట్టొద్దని కాగితం మీద రాసిచ్చాను.

తగువు ఎక్కడొచ్చిందంటే బ్లోయరు స్విచ్ దగ్గర. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున నీళ్ళలా పేరుకుంటుంది. స్టార్టు చేసేముందు ఫ్యానుతో దాన్ని బయటికి తోలెయ్యాలి. అమెరికాలో 1940 ఏప్రిల్ 25 తర్వాత కట్టిన పెట్రోలు పడవలకి గాలి ఆడే దారులు ఉండాలని చట్టం. మోటారు బ్లోయరు తప్పనిసరి అయింది 1980 తర్వాత కట్టినవాటికే. కాబట్టి ఈ పడవకి చట్టప్రకారం అక్కర్లేదు, పాత ప్యానెల్‌లో దానికి కన్నమూ లేదు. "మా నాన్నప్పుడు లేదు" అన్నారు పెద్దాయన. నేను ఆమ్మీటరు చూపించాను. బ్యాటరీ కరెంటులో స్టార్టరుకి పోయేది తప్ప దాదాపు మిగతాదంతా దానిగుండా పోతుంది, అది లోహపు రేకుకి బిగించి ఉంది, మధ్యలో ఉన్నవి డెబ్భై ఏళ్ళ నాటి ఫైబర్ వాషర్లు. అవి పొడి పొడిగా రాలుతున్నాయి. వాషరు పగిలితే నిప్పురవ్వ, అడుగున ఆవిరి, సీట్లో ఆయన మనవలు. వాషర్లు మార్చడానికి వెంటనే ఒప్పుకున్నారు. స్విచ్‌కి రెండు రోజులు పట్టింది. చివరికి ప్యానెల్ ముట్టుకోకుండా, డాష్‌బోర్డు కింద చెక్కకి, మోకాలి దగ్గర పెట్టాం. కూర్చుంటే చేతికి అందుతుంది, నిలబడి చూస్తే కనపడదు. బ్లోయరు నాలుగు నిమిషాలు తిరిగాకే తాళం తిప్పుతానని ఆయన మాటిచ్చారు. ఇప్పటిదాకా తప్పలేదు.

మిగిలింది ఆ మేకు గీత. ఎక్కడుండేదో ఆయనకి గుర్తుంది. సూది తీసి చేతికిచ్చి, మీరే గీయండి అన్నాను. కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేశారు. "అది ఆయన గీసింది. నేను నడిపి చూసి, నాకు ఎక్కడ బావుంటే అక్కడ గీసుకుంటా" అన్నారు. జూన్‌లో నీళ్ళలోకి దింపాం. ఆగస్టులో చూస్తే గీత పడింది, వాళ్ళ నాన్నది ఉన్నచోటికి కొంచెం కిందగా. ఇంజనుకి వయసైంది కదా మరి.

కొత్త ప్యానెల్ వెనకవైపు మాత్రం నేను ఒక పని చేశాను. ప్లేటింగ్‌కి ఇవ్వకముందే "2019లో చేసిన నకలు" అని, పాత రేకు ఏ డ్రాయర్లో ఉందో కూడా పంచ్‌తో కొట్టాను. ముందునుంచి చూస్తే తెలియకుండా ఉండాలని దానికోసం మందపాటి ఇనుప దిమ్మ మీద పెట్టి, మెల్లిగా కొట్టాను. అయినా పొద్దుటి ఎండ పక్కనుంచి పడ్డప్పుడు ముందువైపు లీలగా కనిపిస్తోందని మొన్న పెద్దాయన పట్టేసుకున్నారు.

ఇవాళ్టికి ఇంతే. పాత రేకు రెండువైపులా తీసిన ఫోటోలు ఈ వీడియో చివర పెడుతున్నాను, వెనకవైపుది జూమ్ చేసి చూడండి. ఉంటాను.