బార్కాస్

బార్కాస్ హైదరాబాదు పాతబస్తీకి దక్షిణముగా, చాంద్రాయణగుట్ట సమీపమున ఉన్న ఒక ప్రాంతము. నిజాముల కాలములో అరబ్బు సైనికులకు కట్టించిన 'బ్యారక్స్' అను ఆంగ్లపదమే జనుల నోట 'బార్కాస్' అయినది. ఈ సైనికులు యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వలస వచ్చినవారు. నగరములో వీరిని 'చావుష్'లు అంటారు. నిజాము కొలువులో జమాదారైన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ గడించిన ధనబలముతోనే ఆయన వంశము హద్రమౌత్‌లో రాజ్యము స్థాపించి, 1967 వరకు ఏలినది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైన పిదప అరబ్బు దళములు రద్దయినవి. అనేకులను నిర్బంధించి, పలువురిని 'స్వదేశము'నకు పంపివేశారు. ఈ మాట ఇక్కడ సరిగా అతకదు; వారిలో చాలామంది హైదరాబాదులో పుట్టి పెరిగినవారే. మిగిలినవారు కొలువు పోయి చిన్న వ్యాపారములలో, తరువాతి తరములవారు గల్ఫ్ ఉద్యోగములలో కుదురుకొన్నారు.

లుంగీ వేషము, పెండ్లి ఊరేగింపులలో మర్ఫా వాద్యము వీరి నుండి నగరమునకు వ్యాపించినవి. గోధుమలు, మాంసము కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే అరబ్బుల హరీస్‌కు స్థానిక మసాలాలు చేరగా హైదరాబాదీ హలీమ్ ఏర్పడినది. దీనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. బార్కాస్‌లో మాత్రము పాత పద్ధతి హరీస్ నేటికీ తీపి, కారము రెండు రుచులలో దొరుకును.