ఎం 150 నుంచి ఎం 15 దాకా

మొన్న పండక్కి ఇంటికెళ్తే మా బాబాయి పాత డ్రాయింగొకటి తీసి ముందు పెట్టాడు. 1970ల మొదట్లో తాతయ్య కట్టించిన ఇల్లది. పైన ఇంకో అంతస్తు వెయ్యాలని ఆయన ఉబలాటం. కాంక్రీటు దగ్గర "ఎం 150" అని రాసుంది.

"ఇప్పుడంతా ఎం 20 అంటున్నారు. అప్పట్లోనే 150 వేశార్రా, కోటలా ఉంటుంది!" అన్నాడు.

చదివింది సివిల్, చేసేది కోడింగు కాబట్టి నాకూ వెలగడానికి కాసేపు పట్టింది. ఆ 150 చదరపు సెంటీమీటరుకి కిలోల్లో. ఈ 20 చదరపు మిల్లీమీటరుకి న్యూటన్లలో, అంటే మెగాపాస్కల్స్‌లో. కోట సంగతి దేవుడెరుగు, ఇప్పటి ఎం 20 కంటే తక్కువే.

రెండూ మెట్రిక్కే కదా, మరి ఈ గొడవెందుకు? తప్పంతా కిలోది. పదార్థం ఎంతుందో చెప్పడానికీ కిలోనే, అది కిందికి ఎంత బలంగా నొక్కుతుందో చెప్పడానికీ కిలోనే. 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ కిలోగ్రాము ద్రవ్యరాశికే అని తేల్చేసింది. బరువు లెక్కకి ప్రామాణిక గురుత్వ త్వరణం 9.80665 అని కూడా ఖాయం చేసింది. అయినా ఇంజనీర్లు కిలోగ్రామ్-ఫోర్స్‌ని వదల్లేదు. న్యూటన్ అన్న పేరుని ఆ మహాసభ ఒప్పుకున్నదే 1948లో! ఎస్సై పద్ధతికి ఆ పేరు 1960లో, చదరపు మీటరుకి ఒక న్యూటన్‌ని పాస్కల్ అనడం 1971లో వచ్చాయి.

ఇక మన దగ్గర. 1956 చట్టం తర్వాత 1958 నుంచి సేర్లు, మణుగులు పోయి కిలోలొచ్చాయి. అందుకే 1964 నాటి ఐఎస్ 456 కోడ్‌లో గ్రేడ్లు కిలోల్లో ఉండేవి: ఎం 100, ఎం 150, ఎం 200. 1978లో అదే కోడ్ ఎస్సైకి మారి, ఎం 150 ఉన్నచోట ఎం 15 కూర్చుంది. పౌండ్లు మర్చిపోయి కిలోలకి అలవాటుపడ్డ ఇంజనీరు ఇరవయ్యేళ్ళకే మళ్ళీ మారాల్సొచ్చిందన్నమాట.

పదితో భాగిస్తే పోలా అంటారా? కచ్చితంగా అయితే 0.0980665తో గుణించాలి. 150కి వచ్చేది 14.71, 15 కాదు. తేడా రెండు శాతమే, కానీ ఎటువైపన్నది ముఖ్యం. స్లాబు మీద బరువు లెక్కలో కిలోకి 10 న్యూటన్లు వేస్తే ఉన్నదానికంటే ఎక్కువ బరువనుకుంటాం, మంచిదే. కాంక్రీటు బలం లెక్కలో అదే 10 వేస్తే లేని బలం ఉందనుకుంటాం. రెండుచోట్లా వేస్తే ఒకదానికొకటి చెల్లు. బలం దగ్గర మాత్రమే వేస్తేనే చిక్కు.

ఐఎస్ 456కి 2000లో జరిగిన సవరణ, ఇనుము వేసే కాంక్రీటుకి కనీసం ఎం 20 ఉండాలంది. అందుకే, "బాబాయ్, కాగితం మీద అంకె చూసి అంతస్తు వెయ్యకు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి, ఉన్న కాంక్రీటుని పరీక్ష చేయించు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

యూనిట్ లేని అంకె కోడ్‌లో కనిపిస్తే నేను రివ్యూలో వెనక్కి పంపుతుంటా. చాదస్తం అని నవ్వేవాళ్ళకి ఈసారి ఈ డ్రాయింగు చూపిస్తా.